ఊపిరి అడ్డం పడిన చోటు

సీటు దొరికింది, అదే పదివేలు, అదీ కిటికీ పక్కన, ఇక ఎవరొచ్చి జరగమన్నా జరిగేది లేదనుకుంటూ ఆవిడ సంచీ ఒళ్లో పెట్టుకుందో లేదో, నెత్తిమీద స్పీకరులోంచి ఆవిడ గొంతే "తలుపులు మూసుకొనుచున్నవి, దయచేసి మెట్లపై నిలబడవద్దు" అని చెప్పింది. మెట్ల మీద వేలాడుతున్నవాళ్లు ఒక్కరూ కదల్లేదు. ఎప్పుడు కదిలారు గనక! ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో తిరిగే ప్రతి బస్సులోనూ ఆవిడ మొత్తుకుంటూనే ఉంది, ఒక్కరంటే ఒక్కరు చెవిన పెట్టిన పాపాన పోలేదు. ఇంట్లోనూ అదే తంతు. ఆయనైతే మరీనూ, "బస్సెక్కితే నువ్వు, దిగి ఇంటికొస్తే నువ్వు, నాకు దిగే స్టాపే లేకుండా పోయిందే" అని గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా ఒకటే జోకు, అరిగిపోయినా వదలడు. చుట్టాలు నవ్వుతారు, వాళ్లు నవ్వారు కదా అని ఆవిడా నవ్వుతుంది. ఇవాళ మాత్రం నవ్వులాటగా లేదు. ఈ బస్సు ఆఖరి స్టాపులో రికార్డింగు గది ఉంది, అక్కడ సారు కాచుకుని కూర్చుంటాడు, ఆయన అడిగేది ఆవిడ ఇవ్వదు. అంతవరకూ తేలిపోయింది, పొద్దున్నే పళ్లు తోముకుంటూ తేల్చేసుకుంది. ఏమని చెప్పాలన్నదే ఇంకా కుదరలేదు. దానికి ఈ ప్రయాణం సరిపోవాలి.

"తరువాతి స్టాప్, నీళ్ల ట్యాంకు." వినేవాళ్లకి అది ఒక్క మాట, ఆవిడకి తెలుసు అది రెండు ముక్కలని. "తరువాతి స్టాప్" అన్నది ఒక్కసారే చదివింది, ఆ తర్వాత పేర్లు, నీళ్ల ట్యాంకు, కోర్టు, పాత మిల్లు, ఒకదాని వెనక ఒకటి, గుక్క తిప్పుకోకుండా, మిషను తనకి కావలసినప్పుడు కావలసినదాన్ని తెచ్చి దానికి అతికించుకుంటుంది. అందుకే అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, ఒకే నవ్వుతో ఉండాలి. "నవ్వు మొహంతో చదవాలమ్మా, కనపడకపోయినా వినపడుతుంది" అనేవాడు సౌండు మాస్టారు, ఆవిడకి పని నేర్పిన మనిషి, ఇప్పుడు లేడు, ఆయన నవ్వగా మాత్రం ఎవరూ చూడలేదు. ఆయన దగ్గర అన్నీ నియమాలే. గంజి పెట్టిన బట్టలు కట్టుకురావద్దు, గరగరలాడతాయి. ఖాళీ కడుపుతో రావద్దు, పేగుల గోల మైకు ఇట్టే పట్టేస్తుంది. పెదాలు తడిగా ఉండాలి, నోట్లో మాత్రం తడి చప్పుడు రాకూడదు, అదెలాగో ఆయనకే తెలియాలి. అన్నిటికన్నా పెద్దది ఊపిరి. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చిన చప్పుడు దొరికిందా, కత్తెరే. ఎందుకండీ అంటే, "ఊపిరి వినపడితే లోపల మనిషి ఉందని తెలిసిపోతుంది, ఎవరా ఈవిడ అని జనం ఆలోచనలో పడతారు, దిగాల్సిన చోటు దాటిపోతారు" అనేవాడు. ఆ మాట ఆవిడ ఎంతగా నమ్మిందంటే ఫోనులో అక్కతో మాట్లాడేటప్పుడు కూడా మొహం పక్కకి తిప్పి గాలి పీల్చుకునేది. అక్క, "ఏమే, వింటున్నావా, వెళ్లిపోయావా?" అని అరిచేది.

కొత్త రూట్లు ఎలాగూ మీవే మేడం, అన్నాడు సారు నిన్న ఫోనులో. మంచి మనిషే, తేనె పూసినట్టు మాట్లాడతాడు. రెండే రెండు పనులట. ఒకటి, ఆస్పత్రి స్టాపు పేరు మళ్లీ చదవాలి, పాత దాంట్లో ఏదో గుటక పడ్డట్టుంది, ఇన్నాళ్లూ ఎవరూ గమనించలేదు, ఎవరో తన గొంతు కలిపి చేసిన పాట ఒకటి ఫోన్లలో తిరుగుతోంది, దాని పుణ్యమా అని బయటపడింది. రెండోది, ఆ పాటలో తన గొంతు తనకి చెప్పకుండా, తన ఒప్పుదల లేకుండా వాడుకున్నారని ఆవిడ మైకు ముందు తన నోటితో చెప్పాలి, దాన్ని రికార్డు చేసి వకీలుగారికిస్తే మిగతాది ఆయన చూసుకుంటాడు. "రికార్డింగు మాదే అనుకోండి, గొంతు మీది కదా. మీరు కుదరదంటే ఆ పాట పొద్దుగూకేలోపు ఎక్కడా లేకుండా పోతుంది. మీరు కాదనకపోతే కోర్టులూ అవీ, ఎప్పటికి తేలేను?" కాలేజీ పిల్లలు బస్సులో ఆ పాట ఫోన్లలో పెట్టుకుని, పై స్పీకరులో ఆవిడా చేతిలో ఆవిడా ఒకేసారి పలికేలా చూసుకుని వీడియోలు తీస్తున్నారట, డ్రైవర్లు గోల పెడుతున్నారట, సంస్థ పరువు పోతోందట. ఆ రెండూ అయ్యాక కొత్త రూట్లు. ఆ 'అయ్యాక'లోనే ఉంది కిటుకంతా, ఆ మాత్రం అర్థం కాకపోవడానికి ఆవిడేం పాలు తాగే పిల్లా? కొత్త రూట్లంటే మామూలు విషయమా, నదికి అవతలి కాలనీలన్నీ, ఆ పేర్లు చదవాలని ఎప్పట్నుంచో కాచుకుని ఉంది, వంట చేస్తూ చేస్తూ పోపు మాడ్చుకుని మరీ వాటిని గొణుక్కుంది. ఆయనకి చెబితే పేపరు దించకుండానే, "చదివేసి రారాదూ, ఎవడో ఊరూ పేరూ లేనివాడి కోసం మనకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. తప్పేం లేదు, ఎవరైనా అదే అంటారు. ఆవిడ కూడా పాట వినక ముందైతే అదే అనేది.

పాట అక్క కూతురు పంపింది. పంపి ఊరుకోకుండా వెంటనే ఫోను, "పిన్నీ, చేతిలో పని ఏదున్నా పక్కన పడేసి ఇది విను, చెవుల్లో పెట్టుకుని విను, దీంట్లో నువ్వున్నావు." ఏమైందో ఏమిటో అని ఆరిన బట్టలు మంచం మీద అలాగే కుప్పపోసి విన్నది. ఛీ, ఇదేం రికార్డింగు, అనుకుంది ముందు. ఇసుక జల్లెడ పడుతున్నట్టు వెనకంతా ఒకటే హోరు. కుర్చీ కిర్రుమంటోంది. గిటారు తీగలు ఒకదానికొకటి పొత్తు కుదరక, పోనుపోను శ్రుతి జారిపోతోంది, మళ్లీ దానంతటదే పైకి లేస్తోంది. మగమనిషి ఎవరో పాడుతున్నాడు, గోడ అవతల ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు అణిచి పాడుతున్నాడు. "అద్దం అరిగితే వెలుగు వంగేను, వంగిన వెలుగులో ఇద్దరవుతావు, ఇద్దరిలో నన్నెరిగిన దానివి నువ్వేనా" అంటున్నాడు, అర్థమై చావదు, కానీ చెవిని వదలదు. ఇంతలో ఎవరో తలుపు దబదబా బాది, "కుళాయి కట్టెయ్యమన్నానా, వినపడుతోందా లోపల?" అన్నారు, ఆడగొంతు, అదీ పాటలోనే ఉండిపోయింది, పాడేవాడు తీసెయ్యలేదు. ఆవిడ చెయ్యి అలవాటుగా కత్తెర కోసం వెతుక్కున్నట్టు గాలిలో లేచింది. ఇక్కడొక కోత, ఇక్కడొక కోత, ఆ తలుపు మొత్తంగా పీకెయ్యాలి, అనుకుంటుండగా గిటారు ఆగిపోయి, ఆ హోరులోంచి ఒక పెద్ద ఊపిరి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, ఎవరో బరువైన తలుపు ఒంటిచేత్తో తోస్తున్నట్టు వచ్చింది, తగ్గింది, మళ్లీ వచ్చింది. దాని మీదుగా నూతిలోంచి వచ్చినట్టున్న ఆడగొంతు, సాగదీసి, "తరువాతి స్టాప్" అన్నది. పేరు చెప్పలేదు. మళ్లీ ఊపిరి, మళ్లీ "తరువాతి స్టాప్". ఆవిడ మంచం అంచున బట్టల మీదే కూర్చుండిపోయింది. ఆ గొంతు తనది, అది సరే. ఆ ఊపిరి తనదని గుర్తుపట్టడానికే కాస్త సేపు పట్టింది.

"తరువాతి స్టాప్, కోర్టు." ముందు సీట్లో టోపీ పెట్టుకున్న పెద్దాయన పక్కవాడితో, "ఈవిడెవరో గానీ ఒక్కరోజంటే ఒక్కరోజు సెలవు పెట్టదండీ, జలుబు కూడా చెయ్యదు" అన్నాడు. పక్కవాడు ఊఁ కొట్టి నిద్రలోకి జారుకున్నాడు. జలుబు చెయ్యకేం తాతగారూ, చేస్తుంది, మీకు తెలీదు గానీ పోయిన నెలంతా ముక్కు కారుతూనే ఉంది, అని నోటిదాకా వచ్చింది. ఎవరికీ తెలియదు. బస్సు నిండా జనం, ఆవిడ గొంతు కింద కూర్చుని వాళ్ల వాళ్ల ఆలోచనల్లో వాళ్లున్నారు, ఆవిడా వాళ్లతోపాటే కూర్చుంది, టిక్కెట్టు కొనుక్కుని మరీ.

మర్నాడు తప్పులు లెక్కపెడదామనే మళ్లీ విన్నది, నిజంగా. ఆ మర్నాడు ఆ వంక కూడా పెట్టుకోలేదు. ఆ పాట కింద అలాంటివే ఇంకొన్ని కనిపించాయి, వాటి కింద ఇంకొన్ని, వీధిలో నడుస్తూ తెరిచున్న కిటికీల్లోకి తొంగిచూసినట్టు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వెళ్లిపోయింది. ఎన్ని గదులు! ఎక్కడెక్కడి గదులో, ఎవరెవరో, ఏ భాషో కూడా తెలీదు. ఒకాయన బట్టల బీరువాలో కోట్ల మధ్య దూరి పాడతాడు, అక్కడైతే గొంతు మెత్తగా వస్తుందట. ఒకావిడ, బడిపంతులు పని మానేసిన ముసలావిడ, రేకుల కప్పు మీద వాన పడితేనే రికార్డు చేస్తుంది, ఏడాదంతా వాన కోసం చూస్తుంది, వాన రాని ఏడాది పాటల్లేవు. ఒకమ్మాయి పిల్లలు ఆడుకునే బుల్లి పియానో వాయించి దాన్ని వెనకనుంచి ముందుకి తిప్పి వినిపించింది, ఒక్కో స్వరం చివర మొదలై మొదట్లో ఆగిపోతుంటే ఆవిడకి కళ్లు తిరిగినంత పనయింది, అయినా సోఫా పట్టుకుని మళ్లీ పెట్టుకుంది. మైకుని గిన్నెలో పెట్టేవాడొకడు, దుప్పటి ముసుగేసుకుని పాడేదొకతె. దగ్గుతారు, తప్పు వాయించి తమలో తామే నవ్వుకుంటారు, అమ్మో నాన్నో పిలిస్తే వస్తున్నా అంటారు, అన్నీ ఉంచేస్తారు. వీళ్లకి సిగ్గు లేదా అనిపించింది మొదట. తర్వాత మెల్లగా, గిన్నెలు సర్దుతుండగా ఒక రోజు, తెలిసింది అది అసూయని. ఒట్టి అసూయ, ఒళ్లు మండిపోయే అసూయ. ఇంత గొంతు పెట్టుకుని, చప్పుడు పీల్చే స్పాంజి అంటించిన నాలుగు గోడల మధ్య ఇన్నేళ్లు కూర్చుని, తను ఒక్క దగ్గు కూడా ఎవరికీ వినిపించలేదు. వీళ్లేమో గొంతు లేనివాళ్లు, శ్రుతి లేనివాళ్లు, ఒక్కో పాటలో ఇల్లంతా తెచ్చి పెట్టేస్తున్నారు.

ఆ పాట చేసినాయన పేరు తెలీదు, ఆ పేజీలో డాబాగది అనే ఉంది. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడట, పగలంతా మిషను ముందు, సాయంత్రం ఇంటికెళ్లి పాత టేపు రికార్డర్లు రెండు ఎదురెదురుగా పెట్టుకుంటాడు. ఒకదాంట్లో గిటారు వాయించి, దాన్ని మోగిస్తూ దానితోపాటు పాడుతూ రెండోదాంట్లోకి ఎక్కిస్తాడు, మళ్లీ దాన్ని మోగిస్తూ మొదటిదాంట్లోకి, అలా అటూ ఇటూ. ఎక్కించిన ప్రతిసారీ హోరు ఇంకాస్త పేరుకుంటుంది, బ్యాటరీ నీరసపడితే శ్రుతి జారుతుంది. ఇవన్నీ ఆయనే రాశాడు. ఆవిడ ఏమీ రాయకముందే, ఎవరు చెప్పారో ఏమో, బహుశా అక్క కూతురి నిర్వాకమే అయి ఉంటుంది, ఆ పిల్ల నోట్లో ఏదీ దాగదు, ఆయన నుంచే వచ్చింది కబురు. నమస్కారమండీ, మీ గొంతు అడక్కుండా వాడుకున్నాను, తప్పే, తీసెయ్యమంటే ఈ క్షణమే తీసేస్తాను, అని మొదలుపెట్టి, ఒక్కమాట చెప్పనివ్వండి అని రాశాడు. మా ఆవిణ్ణి ఆస్పత్రికి తిప్పిన రోజుల్లో రోజూ మీ బస్సే. ఆ స్టాపు పేరు చెప్పేముందు మీకు ఊపిరి అడ్డం పడుతుంది. మిగతావన్నీ ఆ చివర నుంచి ఈ చివరదాకా కూర్చుని విన్నాను, ఇంకెక్కడా లేదు. బస్సులో ఇంతమందిలో భయపడుతున్నది నేనొక్కణ్ణే కాదు, ఇంకొకరున్నారు అనిపించేది, దిగి లోపలికి వెళ్లగలిగేవాణ్ణి. ఇప్పుడు మా ఆవిడ బాగానే ఉందండీ, పాటలో తలుపు బాదేది ఆవిడే. ఆ కబురు వచ్చినప్పటినుంచీ ఆవిడ జవాబు రాయడం, చెరపడం, రాయడం, చెరపడం. ధన్యవాదాలు అని రాస్తే పెళ్లి పిలుపులా ఉంది. ఫరవాలేదు అని రాస్తే అబద్ధంలా ఉంది. నిజం రాయాలంటే ఆ రోజు సంగతి రాయాలి, అది ఆయనకి కూడా, ఇంట్లో ఆయనకి, ఎప్పుడూ చెప్పలేదు.

ఏముంది చెప్పడానికి. ఆస్పత్రిలో అమ్మ మంచం దగ్గర అక్కని కూర్చోబెట్టి, మొహం కడుక్కుని, గంజి పెట్టని చీర కట్టుకుని రికార్డింగుకి బయల్దేరింది. అంతకుముందే డాక్టరు వరండాలోకి పిలిచి చెప్పవలసింది చెప్పేశాడు, ఇంటికి తీసుకెళ్లండి అన్నాడు, ఆ మాటకి అర్థం అందరికీ తెలిసిందే. రికార్డింగు వాయిదా వెయ్యమని అడగొచ్చు, అడగలేదు, అప్పుడు అది కొత్త పని, వదులుకుంటే ఇంకొకరికి పోతుంది. వెళ్లింది, నీళ్లు తాగింది, నవ్వు మొహం పెట్టుకుంది. నీళ్ల ట్యాంకు, కోర్టు, పాత మిల్లు, పూల అంగళ్లు. తరువాతి పేరు ఆస్పత్రి. నోరు తెరిచింది, గాలి లోపలికి వెళ్లి ఎక్కడో తట్టుకుని ఆగింది, ఎంతసేపని, రెప్పపాటు కూడా లేదు, వెంటనే మాట వచ్చేసింది, శుభ్రంగా, నవ్వుతోనే వచ్చింది. అద్దం అవతల సౌండు మాస్టారు తలెత్తి చూశాడు. కత్తెర పట్టుకుని పుట్టిన మనిషి, దాన్నెందుకు కత్తిరించలేదో ఆవిడకి ఈనాటికీ తెలియదు, వినలేదేమో అనుకునేది, ఇప్పుడనిపిస్తోంది విన్నాడేమో అని. "తరువాతిది కానివ్వమ్మా" అన్నాడు అంతే. ఆ వారంలోనే అమ్మ పోయింది. అక్క ఏడ్చింది, గోడకి జారబడి, గుండెలవిసేలా ఏడ్చింది. ఆవిడ ఏర్పాట్లు చూసింది, వచ్చినవాళ్లకి కుర్చీలు వేయించింది, ఎవరికి కబురందలేదో చూసింది, గట్టిపిండం అన్నారందరూ. తర్వాత ఏడుద్దాం అనుకుంది, తర్వాతకి పిల్లవాడి పరీక్షలు వచ్చాయి, ఇంటి మార్పిడి వచ్చింది, ఏడుపు అలాగే ఉండిపోయింది. ఎక్కడ ఉండిపోయిందంటే, ఇదిగో, ఈ స్పీకర్లలో. అమ్మ కోసం తను పడ్డ బాధ ఈ లోకంలో మిగిలిందల్లా ఆ కాస్త ఊపిరి. దాన్ని ఇప్పుడు చెరిపెయ్యమంటున్నాడు సారు, పైగా తన చేతే.

చెరపదు. ప్రాణం పోయినా చెరపదు. బస్సు సిగ్నలు దగ్గర ఆగింది, కిటికీ పక్కన లారీ వచ్చి నిలబడి పొగ వదిలింది, ఎవరో అద్దం మూసేశారు. సంచీలో ఫోను గిలగిలలాడింది. ఆయన.

"ఎక్కడున్నావు?"

"బస్సులో."

"అది తెలుస్తూనే ఉందిలే, వెనకాల నువ్వు అరుస్తున్నావుగా. సరే గానీ... ఆ పాట నేనూ విన్నాను ఇప్పుడు."

ఆవిడ ఫోను చెవికి అదుముకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నాకేం అర్థం కాలేదనుకో. ఆ ఊపిరి మాత్రం, ఏమోనే, మీ అమ్మగారు పోయిన రోజుల్లో నువ్వు నిద్రలో అలాగే తీసేదానివి. నేను లేచి కూర్చునేవాణ్ణి. లేపుదామా వద్దా అని చూసేవాణ్ణి."

"మరి లేపలేదేం?"

"లేపితే మళ్లీ కుర్చీలు సర్దుతావని భయమేసింది." పేపరు మడిచిన చప్పుడు వినపడింది. "నీ ఇష్టమొచ్చినట్టు చెప్పి రా. కొత్త రూట్లు లేకపోతే కొంప మునగదు."

ఫోను సంచీలో పడేసింది. ఇన్నేళ్ల కాపురంలో ఈ మనిషి అర్ధరాత్రి లేచి కూర్చునేవాడన్న సంగతి ఇవాళ, ఈ లారీ పొగలో, ఈ ఇరుకు సీట్లో తెలియాలా. ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది, ముందే చెప్పొచ్చుగా పెద్దమనిషి. చీర చెంగుతో ముక్కు తుడుచుకుని కిటికీలోకి మొహం పెట్టింది. పూల అంగళ్లు వెనక్కి పోతున్నాయి. ఇక వచ్చేది అదే. ఇన్నేళ్లూ ఈ రూటు ఎక్కేది కాదు, తప్పనిసరైతే ఇక్కడికి రాగానే పక్కవాళ్లతో ఏదో ఒకటి మాట్లాడేది, చెవి అటు పోకుండా. ఇవాళ సంచీ గట్టిగా పట్టుకుని తలెత్తి స్పీకరు వంక చూస్తూ కూర్చుంది, రానీ చూద్దాం అన్నట్టు.

"తరువాతి స్టాప్," అని కాస్త ఆగి, అదిగో, ఆ కాస్త, "ఆస్పత్రి."

టోపీ పెద్దాయన వెనక్కి తిరిగాడు, పక్కవాడు నిద్రపోయాడు కాబట్టి ఇక మాట్లాడటానికి ఈవిడే దొరికింది. "విన్నారామ్మా? ఇక్కడికొచ్చేసరికి ఈవిడకి గుటక పడుతుంది."

ఆవిడ ముందుకి వంగింది. "మీరు... గమనించారా?"

"గమనించడమేమిటి, మా మనవరాలు పసిపిల్లప్పటినుంచీ చెబుతోంది, తాతయ్యా, బస్సావిడకి సూదంటే భయం అని. టీకా వేయించడానికి తీసుకొచ్చినప్పుడల్లా దానికి అదే ధైర్యం. ఆవిడ అంత పెద్దావిడై ఉండీ భయపడుతోంది, అయినా పేరు చెప్పేసింది కదా, నేనూ వేయించుకుంటాలే అంటుంది." పెద్దాయన పకపకా నవ్వాడు. "దాని క్లాసులో పిల్లలందరికీ తెలుసట. ఇక్కడికి రాగానే అందరూ కలిసి గుటకేస్తారట, టీచరు తిడుతుందట."

ఆవిడ నవ్వింది, నవ్వుతూనే కళ్లు నిండి నీళ్లు బయటికి వచ్చేశాయి, పెద్దాయన కంగారుపడి, "అయ్యో, ఏమైందమ్మా, లోపల మీవాళ్లెవరైనా ఉన్నారా?" అన్నాడు. "ఉండేవాళ్లండీ, మా అమ్మ," అంది. ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మనుషులు దిగుతున్నారు, ఎక్స్‌రే కవరు గుండెకి అదుముకుని ఒకావిడ, ఫ్లాస్కు పట్టుకుని ఒకతను, ఎవరి భయం వాళ్లది, మెట్లు దిగి గేటులోకి నడిచిపోతున్నారు. ఇన్నాళ్లూ తన గొంతు కింద ఎవరూ వినకుండా కూర్చున్నారనుకుంది, ఎంత పొరపాటు! పిల్లలు విన్నారు. అద్దాలు అరగదీసే ఆయన విన్నాడు. మంచం మీద లేచి కూర్చుని ఇంటాయన విన్నాడు. లోపల మనిషి ఉందని తెలిస్తే జనం దిగాల్సిన చోటు దాటిపోతారన్నాడు సౌండు మాస్టారు, ఒక్కరూ దాటిపోలేదు, ఇదిగో, అందరూ సరిగ్గానే దిగుతున్నారు. బస్సు కదిలింది. ఏం చెప్పాలో ఆవిడకి కుదిరింది, మాటకి మాట పేర్చుకుంది, అలవాటు ప్రకారం పెదాలు కదుపుతూ లోపలే చదువుకుంది, ఒకచోట పదం అడ్డం తగిలితే మార్చుకుంది. స్టాపులు వస్తున్నాయి పోతున్నాయి, పైన ఒక గొంతు పేర్లు చెబుతోంది, కింద ఒక గొంతు ఇంకేదో నేర్చుకుంటోంది. కొత్త కాలనీల పేర్లు ఒకసారి గుర్తొచ్చాయి, ఎంత ముద్దుగా ఉంటాయో అవి నోటికి. వేరే ఎవరో చదువుతారు. బాధగానే ఉంది, లేదని ఎవరన్నారు, ఉన్నా సరే.

ఆఖరి స్టాపులో దిగి, రికార్డింగు గదిదాకా తల వంచుకుని గబగబా నడిచింది, దారిలో ఎవరైనా పలకరిస్తే ఆ మాటలు చెదిరిపోతాయని భయం. సారు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు, వకీలుగారిని చూపించాడు, మంచినీళ్లు తెప్పించాడు. సౌండు చూసే ఆవిడ మైకు ఎత్తు సరిచేసి అద్దం అవతలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకోగానే గోడల మీది స్పాంజి చప్పుళ్లన్నీ మింగేసింది, వీధి లేదు, బస్సులు లేవు. చెవుల్లో సారు గొంతు, "ముందు ఆ ఫిర్యాదు కానిచ్చేద్దాం మేడం, స్టాపు తర్వాత చూద్దాం. మీ పేరు చెప్పనక్కర్లేదు, గొంతే చాలు." ఎర్రదీపం వెలిగింది. ఆవిడ పెదాలు తడుపుకుంది, నవ్వు మొహం పెట్టుకుంది, గొంతు బస్సులో ఉన్నంత నిలకడగా వచ్చింది.

"ఈ గొంతు నాది. డాబాగది అనే ఆయన చేసిన పాటలో ఉన్నదీ నా గొంతే. ఆస్పత్రి స్టాపు పేరు ముందున్న ఊపిరి మా అమ్మ కోసం తీసినది. దాన్ని ఆ పాటలో ఉంచుకోవడానికి ఆయనకి నేను మనస్ఫూర్తిగా అనుమతి ఇస్తున్నాను. ఆ పేరు నేను మళ్లీ చదవను. దాన్ని తీసివేయదలచినవారు నా గొంతు మొత్తం తీసివేసి కొత్తవారిని పెట్టుకొనవలెను. పిల్లలు అడిగినచో, ఆవిడకి ఇప్పటికీ భయమే, అయినా చెప్పేసింది అని చెప్పవలెను."

అద్దం అవతల వకీలుగారు సారు వంక చూశాడు. సారు మాట్లాడే మీట నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. "ఇదేమిటి మేడం, కొత్త రూట్లు మీకేనని చెప్పాను కదా! అనుమతి ఎప్పుడిచ్చారు మీరు?"

"ఇప్పుడేనండీ," అంది ఆవిడ, దీపం ఇంకా ఎర్రగానే ఉందని చూసుకుని. "శుభ్రంగా వచ్చిందా, ఇంకోసారి చదవమంటారా?"